బొమ్మ ముందు కాసేపు

కథలు చదివి దాచుకున్నాం, పాటలు కంఠతా పట్టాం. మన మధ్యే బతికిన చిత్రకారులను మాత్రం పేరు పెట్టి పలకరించలేదు. రాంనగర్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక గొప్ప చిత్రకళా చరిత్ర ఉంది. దాని ముందు నిలబడితే మనలో ఏం జరుగుతుందో చెప్పే ప్రయత్నమే ఈ వారం ముఖచిత్ర కథనం.

నారాయణగూడలో ‘సుధర్మ’ అనే ఇంట్లో ఇద్దరు కళాకారులు కాపురం చేశారు. ఆమె పాకాల యశోదారెడ్డి. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటను, అందులోని దెప్పుళ్లతో, మురిపెంతో సహా కథల్లోకి తెచ్చిన రచయిత్రి. ‘మా ఊరి ముచ్చట్లు’, ‘ఎచ్చమ్మ కథలు’ చదివినవాళ్ల చెవుల్లో ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఆయన పాకాల తిరుమల్‌రెడ్డి. లోకానికి పి.టి.రెడ్డి. మన దేశపు ఆధునిక చిత్రకళ చరిత్ర ఎవరు రాసినా వదిలిపెట్టలేని పేరు.

మా రాంనగర్, బాగ్‌లింగంపల్లి, చిక్కడపల్లి ప్రాంతాల్లో పుస్తకాలు చదివే అలవాటున్న ఎవరినైనా అడగండి, యశోదారెడ్డి పేరు చెప్పగానే ముఖం వెలుగుతుంది. పి.టి.రెడ్డి వేసిన బొమ్మ ఒక్కటి చెప్పమనండి, మాట తడబడుతుంది. ఒకే ఇల్లు, ఒకే వీధి. ఆమె రాసింది మన సొత్తయింది, ఆయన గీసింది కాలేదు. చాలాకాలంగా నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న ఇది. చదవడం, వినడం ఇంత బాగా వచ్చిన మనకు చూడడం ఎందుకు అలవడలేదు?

పి.టి.రెడ్డి 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. బొంబాయి జె.జె.స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. అక్కడ కొత్త తరహాలో బొమ్మలు వేయాలన్న పట్టుదలతో 1941లో కొందరు మిత్రులతో కలిసి ‘బాంబే కాంటెంపరరీ ఇండియా ఆర్టిస్ట్స్’ అనే బృందంగా ఏర్పడ్డారు. కళాలోకం వాళ్లకు ‘యంగ్ టర్క్స్’ అని పేరు పెట్టింది. హుసేన్, సూజా, రజా ఉన్న ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పుట్టింది 1947లో. భారతీయ ఆధునిక చిత్రకళ అనగానే అందరూ ఆ గ్రూపుతోనే లెక్క మొదలుపెడతారు. దానికి ఆరేళ్ల ముందే ఒక అన్నారం కుర్రాడు బొంబాయిలో ఆ దారి తొక్కాడు. తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చి, ప్రకృతి దృశ్యాల నుంచి తాంత్రిక రూపాల దాకా ఎన్నో మలుపులు తిరిగి, 1996లో కన్నుమూసేదాకా ఆయన పనిచేస్తూనే ఉన్నారు.

చదువుల పేట, బొమ్మల పేట

మా ప్రాంతం సంగతి తెలియనిది కాదు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం పొద్దున తలుపులు తీసేసరికే కుర్చీలు నిండిపోతాయి. త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రం వెళ్లినా కచేరీయో, సన్మానమో, పుస్తకావిష్కరణో జరుగుతుంటుంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. అశోక్‌నగర్‌లో సందు సందుకీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు.

ఆ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు చిత్రకారుల పేర్లు కొట్టిన పిండి. తెలంగాణ రాజముద్ర రూపకర్త ఎవరు? లక్ష్మణ్ ఏలె. 2016లో పద్మశ్రీ అందుకున్న చిత్రకారుడు ఎవరు? కె.లక్ష్మాగౌడ్. ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వంలో జాతీయ అవార్డు పొందినది ఎవరు? తోట వైకుంఠం. ఇవన్నీ వాళ్ల నోట్సులో ఒక్కో మార్కు ప్రశ్నలు. జవాబులు తెలిసిన ఆ పిల్లల్లో ఎంతమంది లక్ష్మాగౌడ్ గీత ముందు నిలబడ్డారో అనుకుంటే మనసు కలుక్కుమంటుంది. తప్పు వాళ్లది కాదు. నిలబడి చూడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, మనం చెప్పలేదు.

నిజానికి ఈ పేటకు బొమ్మ కొత్త కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టూ ఉన్న థియేటర్ల ముందు ఒకప్పుడు నిలువెత్తు సినిమా బ్యానర్లన్నీ చేత్తో వేసినవే. చిన్న ఫొటో మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకుని, అదే లెక్కలో బట్ట మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి పెంచుకుంటూ పోయేవారు. దగ్గరికెళ్తే హీరో చెంప మీద ఆకుపచ్చ మరక, మెడ కింద నీలం పూత, ముక్కు మీద ఒక్క తెల్లటి చార. రోడ్డు దాటి అవతల ఫుట్‌పాత్ మీద నిలబడితే ఆ మరకలన్నీ కలిసి ముఖమయ్యేది. రంగు దగ్గర ఒకలా, దూరాన మరోలా పనిచేస్తుందని మా పేట పిల్లలకు నేర్పింది ఆ బ్యానర్లే. ఫ్లెక్సీ వచ్చాక ఆ చేతులకు పని పోయింది. ఆ చదువూ ఆగిపోయింది. బొంబాయిలో ఎం.ఎఫ్.హుసేన్ బతుకుతెరువు మొదలైంది కూడా సినిమా హోర్డింగుల దగ్గరేనన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

మనకు అందిన రెండో బొమ్మల బడి పత్రికలు. బాపు, చంద్ర, మోహన్, వడ్డాది పాపయ్య. కథ పక్కన బాపు గీసిన అమ్మాయిని చూసే ఆ కథ చదివినవాళ్లున్నారు. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలను కత్తిరించి పటం కట్టుకున్న ఇళ్లున్నాయి. ఇది తక్కువ సంపద కాదు. కానీ ఆ అలవాటు వల్ల మనలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది: బొమ్మ పక్కన ఒక కథ ఉండాలి, బొమ్మ ఆ కథకు తోడు నడవాలి. అందుకే కథ తోడు లేని బొమ్మ ఎదురైతే మనం కంగారుపడి మొదట అడిగేది ఒక్కటే, “దీనర్థం ఏమిటి?”

ఊళ్లోవాళ్లు అడగని ప్రశ్న

ఆ ప్రశ్న అవసరం లేదని చెప్పే సంఘటన ఒకటి ఈ హైదరాబాద్ పరిసరాల్లోనే జరిగింది. ‘కల్పన’ అనే హిందీ పత్రికను ఇక్కడి నుంచి నడిపిన సోషలిస్టు బదరీ విశాల్ పిత్తీ హుసేన్‌కు ఆప్తమిత్రుడు. ఆయన ద్వారానే హుసేన్‌కు సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా దగ్గరయ్యారు. ధనవంతుల డ్రాయింగ్‌రూములకే బొమ్మలు వేస్తూ కూర్చోక రామాయణం వేయమని, అది దేశంలో జనం కథ అని లోహియా ఆయనకు చెప్పారు. 1967లో లోహియా పోయాక హుసేన్ ఆ మాట నిలబెట్టుకున్నారు. పిత్తీ అండతో హైదరాబాద్‌లో రామాయణ చిత్రాలు వేశారు. ఎనిమిదేళ్లలో దాదాపు 150 అని ఆయన చెప్పుకున్న లెక్క.

ఆ చిత్రాలను ఎడ్లబండ్ల మీద చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి పరిచి చూపించినప్పుడు జరిగింది హుసేన్ తర్వాత పలుమార్లు చెప్పారు. ఊళ్లోవాళ్లు చూశారు, ఏ ప్రశ్నా అడగలేదు. ఇందులో కన్నేది, ఇది రాముడని ఎలా అనుకోవాలి అన్న ప్రశ్నలు పట్నంలోనే వస్తాయని ఆయన అనుభవం.

పల్లెవాళ్లకు రామాయణం ముందే తెలుసు కదా, అందుకే అడగలేదని ఎవరైనా అనొచ్చు. నాకు మాత్రం ఇంకో కారణం తోస్తుంది. తోలుబొమ్మలు, చేర్యాల నకాషీ పటాలు చూసి పెరిగిన కళ్లు అవి. పటంలో మనిషి ముఖం ఎర్రగా ఉన్నా, కన్ను చేపంత పొడుగ్గా ఉన్నా వాళ్లకు వింత కాదు. బొమ్మ మనిషికి నకలుగా ఉండాలన్న షరతు వాళ్లు ఎన్నడూ పెట్టలేదు. ఆ షరతు ఫొటోలతో, క్యాలెండర్లతో మనకొచ్చింది. దాన్ని పక్కన పెట్టగలిగితే చాలు, సగం దూరం వచ్చేసినట్టే.

వైకుంఠం వేసిన పెద్దబొట్టు

తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్ లలితకళల కళాశాలలో, తర్వాత బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఏళ్ల తరబడి బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పారు. ఊళ్లోకి వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చిన్నప్పుడు కళ్లార్పకుండా చూశానని, తన బొమ్మల్లోని ఆడవాళ్లకు తన తల్లే మూలమని ఆయన చెబుతారు. 1988లో బి.నర్సింగరావు తీసిన ‘దాసి’లో గడీ లోపలి లోకాన్ని నిలబెట్టింది ఈయన కన్నే.

వైకుంఠం గీసిన స్త్రీని మీరు చూసే ఉంటారు. క్యాలెండర్ మీదో, హోటల్ గోడ మీదో, ఎవరింటి హాల్లోనో. నల్లటి నిగనిగల ఒళ్లు, పక్కకు తిరిగిన ముఖం, అరచేతి మందాన బొట్టు, పెద్ద ముక్కుపుడక, అంచు చీర. ఎక్కడపడితే అక్కడ కనిపించడం వల్ల ఆమెను చూడడం మానేశాం. అందుకే దగ్గరికి వెళ్లి చూడాలి.

ముందు రంగు. ఎరుపు ఎరుపుగానే ఉంటుంది, పసుపు పసుపుగానే. తెలుపు కలిపి పలచబరిచిన రంగులు, నీరెండ రంగులు ఆయనకు నచ్చవు. పసుపు కుంకుమల పళ్లెంలో ఏ రంగు ఎంత గాఢంగా ఉంటుందో అంత గాఢత. ఇక గీత. ముక్కు కొస నుంచి పెదవి మీదుగా గడ్డం దాకా చెయ్యి ఎత్తకుండా లాగిన ఒక్క గీత. నుదుటి దగ్గర సన్నగా మొదలై దవడ మలుపులో బరువెక్కి, మెడ దగ్గర మళ్లీ సన్నబడుతుంది. ఆ ఒత్తిడి మార్పులోనే ఒంటి గుండ్రదనం వచ్చేస్తుంది, నీడ వేయాల్సిన పని ఉండదు. నగల దగ్గర మాత్రం చెయ్యి నెమ్మదిస్తుంది. గుండు పక్కన గుండు పేర్చుకుంటూ పోతుంది.

నా దగ్గర ఆయన బొమ్మ అచ్చు ఒకటి ఉంది. కరీంనగర్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

“గీమె కుంకుమ మైనం మీద పెట్టింది బిడ్డా. చెమట పట్టినా చెదరది,” అంది.

అర్థమైంది కదాని నేను కదలబోతే మళ్లీ అంది: “ఎవలో ఏందో చెప్తున్నరు ఈమెకు. ఇంటున్నది. ఇంక జవాబియ్యలే.”

ఆ మాట విన్నాక నేను ఆ బొమ్మను కొత్తగా చూశాను. నిజమే. పెదవులు బిగించి ఉన్నాయి. కన్ను ఎదుటివాళ్ల మీద ఆగింది. మెడ కొంచెం వెనక్కి జరిగింది. అందమైన పల్లెపడుచు అని నేను పెట్టుకున్న పేరు ఆ క్షణంలో రాలిపోయింది. అక్కడ ఉన్నది ఎవరి మాటా వెంటనే ఒప్పుకోని మనిషి. పెద్దమ్మ ఏ కళాశాలకూ పోలేదు. ఆమెకున్నది బొట్టు పెట్టుకున్న అనుభవం, మాట పడిన అనుభవం. బొమ్మను అందుకోవడానికి ఆ రెండూ సరిపోయాయి. సొంత స్పందన అంటే ఇదే. మన బతుకులోంచి ఒక కొస తీసి బొమ్మకు ముడివేయడం.

లక్ష్మాగౌడ్ సూదిమొన

పెద్దమ్మ స్పందనతో ఆగిపోతే సగమే అందుతుంది. మిగతా సగం, ఆ బొమ్మ ఎలా తయారైందో తెలుసుకున్నప్పుడు. ఇది నాకు కె.లక్ష్మాగౌడ్ ఎచింగుల ముందు తెలిసొచ్చింది.

లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. ఈయనా హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లి సుబ్రమణ్యన్ శిష్యుడయ్యారు. తిరిగొచ్చి తన ఊరినే గీశారు. హైదరాబాద్ దూరదర్శన్‌లో పనిచేశారు, సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీనాయుడు స్కూల్లో పాఠాలు చెప్పారు. గీత, ఎచింగ్, మట్టిబొమ్మ, అద్దం వెనక వేసే చిత్రం, ఏది పట్టుకున్నా అది ఆయన మాట వింటుంది.

ఎచింగ్ అంటే ఇలా. నున్నటి జింకు పలక మీద మైనంలాంటి పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. పలకను నీళ్లు కలిపిన ఆసిడ్‌లో ముంచితే ఆసిడ్ ఆ గీతలను మాత్రమే తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. తీసి కడిగి, పూత తుడిచి, పలకంతా సిరా అద్ది, పలచటి గుడ్డతో పైపైన తుడుస్తారు. గీతల్లో దాక్కున్న సిరా మాత్రం మిగులుతుంది. దాని మీద తడిపిన కాగితం పరిచి ప్రెస్‌లో నుంచి లాగితే, ఆ ఒత్తిడికి కాగితం గీతల్లోకి దిగి సిరాను అందుకుంటుంది. పలక మీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమకు వస్తుంది. బూడిదరంగు మబ్బులాంటి మసక కావాలంటే పలక మీద రోజిన్ పొడి చల్లి వేడిచేసి మళ్లీ ఆసిడ్‌కి ఇస్తారు. దాన్ని ఆక్వాటింట్ అంటారు.

ఇది తెలిశాక ఆయన గీసిన మేకను చూడండి. మేక ఒంటి మీది వెంట్రుకల్లో ఒక్కోటి సూదితో గీసింది. పక్కనే తలపాగా మనిషి చర్మం మీది ముడతలూ అవే గీతలు, చెట్టు బెరడూ అవే గీతలు. మేక, మనిషి, చెట్టు అన్నీ ఒకే దారంతో నేసినట్టుంటాయి. ఆ లోకంలో ప్రాణికీ ప్రాణికీ మధ్య గోడ లేదు. ఇది తెలియడానికి ఆయన ఎక్కడో రాసుకున్న సిద్ధాంతం అక్కర్లేదు, సూది కదిలిన తీరులోనే ఉంది.

ఆయన తొలినాళ్ల ఎచింగుల్లో కామం దాపరికం లేకుండా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇబ్బంది కలిగింది, పక్కన ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఆ ఇబ్బందిని దాటేసి వెళ్లిపోకుండా అక్కడే ఆగడం మేలైంది. పల్లెలో పశువుల చూలు గురించి, ఎదకు రావడం గురించి ముసలివాళ్లు పిల్లల ముందే మాట్లాడుకునే తీరు గుర్తొచ్చింది. ఆ మాటల్లో సిగ్గూ లేదు, చీకటీ లేదు. పట్నం వచ్చి మనం నేర్చిన మర్యాద ఒకటుంది. దాని అవతల ఆ పల్లె ఉంది. ఆ బొమ్మలు అక్కడి నుంచి మాట్లాడుతున్నాయి. నచ్చలేదు అనిపించిన బొమ్మ దగ్గర కూడా ఎందుకు నచ్చలేదో తేలేదాకా నిలబడాలని అప్పటి నుంచి నా నియమం.

కథే లేని చోట

మనిషి ముఖం ఉన్న బొమ్మలతో ఏదో మాట కలుస్తుంది. ముఖమే లేకపోతే?

ఖమ్మం జిల్లా మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ (1940–2019) మొదట్లో పాడుబడ్డ మోటారు వాహనాల తుక్కును చిత్రించారు. తర్వాత నీళ్లవైపు తిరిగారు. కొలను, అందులో ఆకులు, ఆకుల మధ్య ఆకాశపు ముక్క. ఏది నీటిపైన ఉంది, ఏది నీడ, ఏది అడుగున ఉందో చెప్పలేం. ఆ కాన్వాస్ దగ్గరికి వెళ్తే కుంచె దెబ్బలే కనిపిస్తాయి. వెనక్కి జరిగితే నీళ్లవుతాయి. ఇంకా వెనక్కి జరిగితే నీళ్లు కదులుతాయి. క్రాస్‌రోడ్స్ బ్యానర్లు నేర్పిన పాఠం ఇక్కడ పనికొచ్చింది. సూర్యప్రకాశ్ ముందు నేను అర్థం వెతకను. ముందుకూ వెనక్కూ నడుస్తాను. ఆ నడకే ఆ బొమ్మను చూసే పద్ధతి.

పి.టి.రెడ్డి తాంత్రిక చిత్రాలు ఇంకా కఠినం. బిందువు, త్రికోణం, వృత్తం, వాటి చుట్టూ గట్టి రంగులు. 1970ల ప్రాంతంలో జి.ఆర్.సంతోష్, బీరెన్ డే లాంటివాళ్లు దేశంలో వేరే వేరే చోట్ల ఇదే దారిలో ఉన్నారు. యూరప్ నుంచి వచ్చిన ఆబ్‌స్ట్రాక్ట్ కళకు జవాబుగా మన యంత్రాల్లో, మండలాల్లో ఉన్న రేఖలను తీసుకుని కొత్త చిత్రాలు కట్టారు. మనకు ఈ రూపాలు పరాయివి కావు. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపే ప్రతి ఇల్లాలికీ ఒక కేంద్రం నుంచి బయటికి పెరిగే రూపం చేతికి తెలుసు. ముగ్గుకు అర్థమేమిటని ఎవరూ అడగరు. కుదిరిందా లేదా అని చూస్తారు. పి.టి.రెడ్డి ముందు కూడా నేను అదే అడుగుతాను: ఈ ఎరుపు పక్కన ఈ నలుపు కుదిరిందా? చూపు ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగుతోంది? ఈ ప్రశ్నలతో చూడడం మొదలుపెట్టాకే ఆయన నాకు దొరికారు.

ఆయన భార్య కథల్లో మాట ఎలా పలికిందన్నదే ప్రాణం. ఏం జరిగిందన్నది తర్వాత. ఆయన చిత్రాల్లో రంగు ఎలా పలికిందన్నదే ప్రాణం. ఆ ఇద్దరి పనీ ఒకటేనని ఇప్పుడు నా నమ్మకం. ఆమెను చదవగలిగినవాళ్లు ఆయనను చూడగలరు.

ఇప్పుడు గీస్తున్నవాళ్లు

పెద్దతరం దగ్గరే ఆగిపోతే అన్యాయం. నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం నుంచి వచ్చిన లక్ష్మణ్ ఏలె పుస్తకాల అట్టలతో తెలుగు పాఠకుల ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేశారు. ఆయన కాన్వాసుల మీద ఊరి మనుషులు అలంకారం లేకుండా, కళ్లలోకి సూటిగా చూస్తూ నిలబడతారు. వైకుంఠం పల్లెనూ ఏలె పల్లెనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే తెలంగాణ రెండు తరాల చేతుల్లో ఎంత మారిందో తెలుస్తుంది. అంజనీరెడ్డి, కవితా దేవుస్కర్ చిత్రాల్లో ఆడవాళ్లను ఆడవాళ్లే గీస్తే ఏం మారుతుందో చూడవచ్చు. హైదరాబాద్‌లో ఉంటూ పనిచేస్తున్న వరుణికా సరాఫ్ పాత సూక్ష్మచిత్రాలకు వాడే వస్లీ కాగితం మీద, సొంతంగా నూరుకున్న రంగులతో నేటి హింసను చిత్రిస్తారు. గణతంత్ర భారత చరిత్రలోని ఘట్టాలను బట్ట మీద సూది దారంతో కుట్టారు. వార్తల్లో చూసి మరచిపోయిన మూకలు, లాఠీలు, ఊరేగింపులు ఆ చిన్న కుట్లలో కనిపిస్తే గుండె పట్టేస్తుంది. కుట్టుపని అనగానే మనకు గుర్తొచ్చే దిండుగలీబు పువ్వులకూ ఈ పనికీ మధ్య ఎంత దూరముందో, ఎంత దగ్గరతనముందో ఆలోచించుకుంటూ బయటికి వస్తాం.

ఇవన్నీ తెలుగులో మనకు చెప్పేవాళ్లు తగ్గిపోయారు. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ (1914–1999) ప్రపంచ చిత్రకారుల గురించి, రోరిక్ వేసిన హిమాలయాల గురించి తెలుగు పాఠకులకు ఉత్తరం రాసినంత ఆత్మీయంగా రాశారు. ఆర్టిస్ట్ మోహన్ (1950–2017) కబుర్ల ధోరణిలోనే పెద్ద పెద్ద కళా విషయాలు విప్పిచెప్పారు. సినిమాకు శుక్రవారం సాయంత్రానికే సమీక్ష వస్తుంది. పుస్తకానికి ఆదివారం ఒక పేజీ ఉంటుంది. ఒక చిత్ర ప్రదర్శనకు తెలుగులో దక్కేది మాత్రం ప్రారంభోత్సవం ఫొటో, అందులో రిబ్బన్ కత్తిరించిన అతిథి. గోడ మీద ఉన్న బొమ్మ గురించి ఒక్క వాక్యం ఉండదు. ఈ లోటు తీర్చాల్సింది పత్రికలే. అందులో ఈ అనుబంధం కూడా ఉంది.

ఎక్కడ చూడాలి?

• జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం: అశోక్‌నగర్‌కు దగ్గర్లో, గగన్‌మహల్ రోడ్డులో ఉంది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివిన జగదీశ్ మిట్టల్ హైదరాబాద్‌లో స్థిరపడి, కమలతో కలిసి జీవితమంతా సేకరించిన భారతీయ కళాసంపద. దక్కనీ చిత్రాలు, తెలంగాణ పటచిత్రాలు ఉన్నాయి. కొత్తవాళ్ల గీత ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. ముందుగా మాట్లాడుకుని వెళ్లడం మంచిది.

• సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బాగ్‌లింగంపల్లి: సభలకు వెళ్లినప్పుడు చిత్ర ప్రదర్శన ఏదైనా జరుగుతోందేమో కనుక్కోండి.

• స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, మాదాపూర్ కావూరి హిల్స్: చిక్కడపల్లిలోనో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, మాదాపూర్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో. నేటి చిత్రకారుల ప్రదర్శనలు జరుగుతుంటాయి.

• సాలార్‌జంగ్ మ్యూజియం: గడియారం, ముసుగు రెబెకా చూశాక ఆధునిక భారతీయ చిత్రాల గదికీ వెళ్లండి.

• ప్రైవేటు గ్యాలరీలు: బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి. అద్దాల తలుపు చూసి వెనుదిరగకండి. చూడడానికి డబ్బులడగరు, కొంటారా అని నిలదీయరు.

• మక్తా, ఖైరతాబాద్: గ్యాలరీ వద్దనుకుంటే వీధి గోడల మీదే పెద్ద పెద్ద చిత్రాలు.

• రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు చిత్రశాల: 1925లో, నిండా ముప్పయ్యేళ్లు రాకముందే పోయిన ఆ చిత్రకారుడి అసలు బొమ్మలు అక్కడున్నాయి.

ఒక ఏడాది, ఒక చిత్రకారుడు

పెద్ద చిత్రకారుల ఒరిజినల్స్ లక్షల్లో ఉంటాయి. మనలో చాలామందికి అందవు. ఎచింగులు, సెరిగ్రాఫులనే స్క్రీన్ అచ్చులు కొంత అందుబాటులో ఉంటాయి. వాటి కింద పెన్సిల్‌తో 12/50 అని రాసి ఉంటే ఆ పలక నుంచో స్క్రీన్ నుంచో తీసిన యాభైలో అది పన్నెండోదని అర్థం. అది నకలు కాదు, అసలే. అదీ వీలుకాకపోతే యువ చిత్రకారుల చిన్న కాగితం పని కొనవచ్చు. కొనకపోయినా ఫరవాలేదు. రావిశాస్త్రిని ఇష్టపడడానికి రావిశాస్త్రి చేతిరాత ప్రతి మన దగ్గర ఉండాల్సిన పనిలేదు కదా.

కావాల్సింది కాలం. మనకు ఇష్టమైన రచయితను ఎలా చదివామో గుర్తుచేసుకుందాం. ఒక కథ దొరికింది, బాగుంది. ఇంకోటి వెతికాం. పాత సంపుటి కోసం కోఠి పేవ్‌మెంట్లు తిరిగాం. కొన్ని కథలు నచ్చలేదు, అవీ చదివాం. ఏళ్లు గడిచేసరికి ఆ గొంతు మనకు దగ్గరి బంధువు గొంతయింది. చిత్రకారులతోనూ ఇదే చేయాలి. పదిమందిని ఒకే రోజు చూసి వదిలేయకుండా, ఒక ఏడాదికి ఒక్కరిని పట్టుకోండి. ఆయనో ఆమో ఎక్కడ పుట్టారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, చేతిలో పట్టుకున్న సాధనం ఏమిటో తెలుసుకోండి. తొలి బొమ్మకూ తాజా బొమ్మకూ ఏం మారిందో చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి, వాళ్లేమంటారో వినండి. అనిపించింది నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, కారణంతో.

అశోక్‌నగర్‌లో చదువుకునే పిల్లలకు ఒక మాట. మీ నోట్సులో ఒక్క మార్కు జవాబుగా ఉన్న ఆ పేరు ఒక మనిషిది. ఆ మనిషి మీలాగే ఒక చిన్న ఊరి నుంచి ఈ పట్నానికి వచ్చాడు, పని నేర్చుకున్నాడు, తన ఊరిని వదిలిపెట్టకుండా ప్రపంచానికి చూపించాడు. పరీక్ష అయ్యాక ఒక సాయంత్రం వెళ్లి ఆయన బొమ్మ ముందు నిలబడండి. మీ ఊరు అందులో ఉందో లేదో మీకే తెలుస్తుంది. లేకపోతే దాన్ని గీసేవాళ్లు ఇంకా రావాలన్నమాట, అది మీరైనా కావచ్చు.